ఆకుకూరల సన్యాసం

ఆ కార్తీక సోమవారం పొద్దున్నే పున్నమ్మ ఒక కుట్ర పన్నింది. తోటకూరను మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో ఆనవాలు లేకుండా మెదిపి, కందిపప్పులో కలిపేసి, పైన ఇంత నెయ్యి పోసి, ముద్దపప్పని చెప్పి కూతురి నోట్లో పెట్టాలని ఆవిడ ఎత్తు. పప్పు ఆకుపచ్చగా ఉందేమిటని అడిగితే ఇవి కొత్తరకం కందులని చెప్పడానికి ఒక అబద్ధం కూడా సిద్ధం చేసి పెట్టుకుంది. కన్నతల్లి ఆడే ఇలాంటి అబద్ధాలను చిత్రగుప్తుడు చూసీ చూడనట్టు వదిలేస్తాడని నా నమ్మకం.

కూతురు రావమ్మకు ఎనిమిదేళ్ళు. బెజవాడ పాతబస్తీలో బట్టల కొట్టు నడిపే సాంబమూర్తికి లేకలేక పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. గారాబం ఎంతో వేరే చెప్పక్కర్లేదు. అది తెల్లటి మిల్లుబియ్యపు అన్నంలో పెరుగూ పంచదారా కలుపుకుని తింటుంది. లేకపోతే తండ్రి తెచ్చే బిస్కెట్లు తింటుంది. అవీ లేకపోతే సందు మొగలో ఉన్న మిఠాయికొట్టు వైపు చూసి ఏడుస్తుంది. కంచంలో ఆకు కనిపిస్తే మాత్రం తేలు పడ్డట్టు లేచి నిలబడుతుంది.

ఈ ముద్దుమురిపాలు ఇలాగే సాగిపోయేవి కాని, వినాయక చవితి దాటిన దగ్గర్నుంచి పిల్ల సంజెవేళ గోడలు తడుముకుంటూ నడవడం మొదలుపెట్టింది. ఒకనాడు దీపాలవేళ గడప కనపడక బోర్లా పడి పెదవి చిట్లింది. పున్నమ్మ పిల్లను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. డాక్టరు ఏసుపాదంగారు కంటిరెప్పలెత్తి చూశారు.

"రేచీకటమ్మా ఇది. ఇప్పుడైతే తిండితోనే పోతుంది. అశ్రద్ధ చేశారో, పగటి చూపు కూడా పోతుంది. చేపనూనె రాసిస్తా, పట్టించండి. అది వద్దంటే రోజూ ఆకుకూర, బొప్పాయి పండు, దంపుడు బియ్యం. ముందా బిస్కెట్లు మానిపించండి."

చేపనూనె సంగతి అత్తగారు చౌడేశ్వరమ్మ వీధరుగు మీదే తేల్చేసింది. "చేప పేరున్నదేదీ ఈ గడప తొక్కదు. నేను పోయాక మీ ఇష్టం" అంది. ఇక మిగిలిన దారి ఆకుకూర. అందుకే ఈ కుట్ర.

పొయ్యి మీద పప్పు కుతకుతలాడుతూండగా, కృష్ణలో స్నానానికి వెళ్ళిన నాయనమ్మా మనవరాలూ తిరిగి వచ్చారు. చౌడేశ్వరమ్మ మొహం వెలిగిపోతోంది.

"పున్నమ్మా! నీ కూతురు మామూలు పిల్ల కాదే. ఈ వయసుకే ఎంత వైరాగ్యం!"

"ఏం చేసిందత్తయ్యా?"

"చయనులుగారి చేత సంకల్పం చెప్పించుకుని, కృష్ణలో మూడు మునకలేసి, ఆకుకూరలు వదిలేసింది. ఒకటీ రెండూ కాదు, అన్నీనూ. ఇక జన్మలో ముట్టదట!"

పున్నమ్మ చేతిలోని పప్పుగుత్తి జారి గిన్నెలో పడింది. రావమ్మ తల్లి వంక చూడకుండా తడి జడ పిండుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

కాశీకి వెళ్ళినవాళ్ళు తమకిష్టమైన కాయో పండో గంగలో వదిలి రావడం మనకు ఆచారం. వదిలినదాన్ని వాళ్ళు మళ్ళీ నోట పెట్టరు. పెట్టమని ఎవరూ అడగరు కూడా. చౌడేశ్వరమ్మ కిందటేడు కాశీ వెళ్ళి మునక్కాయా సీతాఫలమూ వదిలి వచ్చింది. అప్పటినుంచి మునక్కాయ చారు కాచిన రోజున ఆవిడకు వేరే చారు కాస్తున్నారు. "ఒక్క ముద్ద తినవా, నా తల్లివి కదూ" అని ఆవిడ వెంట ఎవరూ పడటం లేదు. ఇదంతా ఒక యేడాదిగా రావమ్మ గమనిస్తూనే ఉంది. పెద్దవాళ్ళకు అందులో పుణ్యం కనపడితే పిల్లకు దారి కనపడింది.

ఆ పొద్దున నాయనమ్మ ముక్కు పట్టుకుని మునుగుతున్న అదను చూసి రావమ్మ రేవు పురోహితుడు చయనులుగారి దగ్గరకు వెళ్ళింది. "పంతులుగారూ, కాశీలో వదిలినట్టు ఇక్కడా వదలొచ్చా?" అని అడిగింది. సోమవారం రద్దీలో ఊపిరాడని చయనులుగారు, "గంగైతేనేం, కృష్ణైతేనేం తల్లీ, నీళ్ళన్నీ నారాయణుడే. చెయ్యి చాపు" అన్నారు. ఏం వదులుతున్నావని మాత్రం అడగలేదు. చాలా అనర్థాలకు మూలం ఇదే: మంత్రం చెప్పేవాళ్ళకు తీరిక ఉండదు.

"అత్తయ్యా, డాక్టరుగారు చెప్పింది మర్చిపోయారా? ఆకుకూర తినకపోతే పిల్ల కళ్ళు..."

"డాక్టరు ఎక్కువా, కృష్ణవేణమ్మ ఎక్కువా? నీళ్ళలో నిలబడి ఇచ్చిన మాట తప్పితే కళ్ళు పోతాయే! అసలే పిల్లకి చూపు మందం. ఉన్న కాస్తా పోగొడతావా?"

చిక్కంతా ఇక్కడే వచ్చింది. చౌడేశ్వరమ్మ గయ్యాళి అయితే పున్నమ్మ ఏదో విధంగా నెగ్గుకొచ్చేది. కాని ఆవిడకు మనవరాలంటే పంచప్రాణాలు. ఆకు తినకపోతే కళ్ళు పోతాయని కోడలి భయం. ఆకు తింటే కళ్ళు పోతాయని అత్త భయం. ఇద్దరి మధ్యా ఉన్నవి అవే రెండు కళ్ళు.

సాంబమూర్తికి కొట్టులో ఎంతటి గీరమనిషికైనా చీర అంటగట్టగల నేర్పుంది. ఇంట్లో తల్లికీ పెళ్ళానికీ మధ్య మాత్రం ఆయనకు వచ్చింది ఒక్కటే మాట.

"రేపు చూద్దాంలే" అన్నాడు.

"రేపటికి పిల్లకేం కనిపిస్తుందో ముందు అది చెప్పండి" అంది పున్నమ్మ. ఆయన కండువా వేసుకుని కొట్టుకు వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి చౌడేశ్వరమ్మ మనవరాలి కంచం పక్కనే పీట వేసుకుని కాపలా కూర్చుంది. చారులో కరివేపాకు కూడా ఏరి పారేసింది. పున్నమ్మ ఒకసారి బచ్చలాకు రుబ్బి అట్టుపిండిలో కలిపింది. రావమ్మ అట్టు ముక్క తుంచి, వాసన చూసి, వీధిలోకి వినపడేలా కేకపెట్టింది.

"నాయనమ్మా! అమ్మ నా వ్రతం చెడగొడుతోంది!"

ఆ తర్వాత చౌడేశ్వరమ్మ పీట కంచం పక్కనుంచి పొయ్యి పక్కకు మారింది. ఆ సాయంత్రమే పిల్ల పెరట్లో నీళ్ళ గంగాళానికి కొట్టుకుని మోకాలు చీరుకుంది. "అమ్మా, ఇక్కడ గంగాళం ఉందా?" అని అడిగింది. గంగాళం పిల్ల పుట్టక ముందునుంచీ అక్కడే ఉంది. పున్నమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ తరువాతి సోమవారం సంగతి ముదిరింది. ఆకుకూరల పీడ ఎలా వదిలించుకుందో రావమ్మ వీధి పిల్లలందరికీ చెప్పేసింది. అంత గొప్ప ఉపాయం ఒక్క కడుపులో దాగదు. పిల్లలంతా ఎవరి పెద్దవాళ్ళతో వాళ్ళు బుద్ధిగా రేవుకు వెళ్ళారు. ఇంత భక్తి ఎక్కడినుంచి వచ్చిందా అని ఆ పెద్దవాళ్ళు మురిసిపోయారు. చయనులుగారు జనం తాకిడి చూసి, "వదిలేవాళ్ళంతా ఒక్కసారే చేతులు చాపండి నాయనా" అని అందరికీ కలిపి ఒక్క మంత్రం చెప్పేశారు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఇంటింటా గగ్గోలు పుట్టింది. సగంమంది ఆకుకూరలు వదిలారు. కొందరు కాకరకాయ వదిలారు. కంకిపాడు నుంచి వచ్చి ఆ వీధిలో బియ్యం మిల్లు పెట్టిన బసవయ్య కొడుకు వెంకటకృష్ణారావు ఆకుకూరలతో పాటు ఆముదమూ తలంటూ కూడా వదిలాడు. పాండురంగయ్య అనే ముసలాయన మనవడు పదమూడో ఎక్కం మొదలు పైవన్నీ వదిలేశాడు.

బసవయ్య భార్య మాణిక్యమ్మ నలుగురు తల్లుల్ని వెంటేసుకుని పున్నమ్మ ఇంటి మీదకు వచ్చింది.

"ఏంటండీ పున్నమ్మగారూ, మీ పిల్ల మా పిల్లలకి సన్యాసాలిప్పిస్తోందా? మావాడు కంచం ముందు కళ్ళు మూసుకుని, 'వదిలేశానమ్మా, పాపం తగుల్తుంది' అంటన్నాడు! వాడికి వారం నుంచి కడుపు కదల్లేదు. ఇప్పుడు ఆముదం ఎలా పట్టేది?"

"నా గోడు మీకేం చెప్పను మాణిక్యమ్మగారూ" అని పున్నమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీవాడికి కడుపే. నా పిల్లకి కళ్ళు."

మాణిక్యమ్మ కోపం చప్పున చల్లారింది. "అయితే పదండి, ఆ పంతులుగారినే అడుగుదాం" అంది. వీధి ఆడవాళ్ళంతా కదిలారు. వ్రతం పక్షాన వాదించడానికి చౌడేశ్వరమ్మ వాళ్ళకంటే ముందే నడిచింది. పిల్లలు వెనకే వెళ్ళారు.

చయనులుగారు సోమవారపు ఫలహారం చేసి వసారాలో నడుం వాల్చబోతున్నారు. వచ్చిన జనాన్ని చూసి ఏదో సంతర్పణకు పిలుపనుకుని లేచి కూర్చున్నారు. విషయం విన్నాక మళ్ళీ పడుకోవాలనిపించింది. సంకల్పం చెల్లదంటే రేవులో తన మాటకు విలువ పోతుంది. చెల్లుతుందంటే ఈ తల్లులు కదలనివ్వరు. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. భక్తులు దాన్ని ధ్యానమనుకున్నారు.

"వదలాల్సింది ఇష్టమైనదాన్ని" అన్నారు చివరికి. "ఇష్టం లేనిదాన్ని వదలడం త్యాగం కాదమ్మా, చెత్త పారబోయడం. కనక ఇదేదీ చెల్లదు."

తల్లులంతా ఊపిరి పీల్చుకున్నారు. చౌడేశ్వరమ్మ మాత్రం కదల్లేదు. "బాగానే ఉంది పంతులుగారూ. మరి చెప్పిన మంత్రం ఏమైపోవాలి? కృష్ణమ్మ వినలేదంటారా?"

చయనులుగారు జంధ్యం సవరించుకున్నారు. "విందమ్మా, వినకేం. అందుకని పోలి పాడ్యమినాడు, మీరు దీపాలు వదలడానికి రేవుకొస్తారు కదా, అప్పుడు ఒక్కొక్క పిల్లా తనకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని వదిలితే మొదటి మాట చెల్లినట్టే. ఎవరికేది ఇష్టమో అందాకా పెద్దలు కనిపెట్టి చూడండి. ఈలోగా అన్నీ తినొచ్చు."

గండం గడిచిందని ఆయన అనుకున్నారు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తిరిగి వస్తూ దారిలో రావమ్మ వాళ్ళందరినీ బసవయ్య మిల్లు గోడ పక్కన నిలబెట్టింది.

"విన్నారుగా? బిస్కెట్లిష్టమని తెలిస్తే బిస్కెట్లు పోతాయ్. జిలేబీ ఇష్టమంటే జిలేబీ పోద్ది. ఇంక చచ్చిపోయేదాకా లేదు."

"మరేం చేద్దామే?" అన్నాడు వెంకటకృష్ణారావు ఏడుపుమొహంతో.

"పాడ్యమి దాకా ఆకుకూరలు ఇష్టంగా తినండి. అందరూ చూసేట్టు తినండి. అప్పుడు అవే పోతాయ్."

ఆ సాయంత్రం రావమ్మ పీట మీద మఠం వేసుకుని కూర్చుని, "అమ్మా, తోటకూర వెయ్యి. నాకు తోటకూరంటే ప్రాణం" అంది. కళ్ళు గట్టిగా మూసుకుని ముద్ద మింగింది. "అబ్బ, ఎంత బావుందో!" అంటూంటే దాని కళ్ళవెంట నీళ్ళు కారాయి. సాంబమూర్తి ముచ్చటపడి బిస్కెట్ల పొట్లం విప్పితే, "ఛీ, అవెవరు తింటారు నాన్నా?" అని మొహం తిప్పుకుంది. నిన్నటిదాకా ఆ బిస్కెట్ల కోసం వీధి చివరిదాకా ఎదురొచ్చిన పిల్ల! ఆయన మనసు చివుక్కుమంది.

పున్నమ్మకు కూతురి ఎత్తు మొదటి ముద్దకే అర్థమైపోయింది. అర్థం కానట్టు ఊరుకుంది. పాడ్యమి దాకా గడువు దొరికింది, అంతలో ఎంత ఆకు పిల్ల కడుపులోకి వెళితే అంత చూపు వెనక్కి వస్తుందని ఆవిడ ఆశ. రోజూ పెరట్లోకి పిలిచి బచ్చలి తీగ నుంచి ఆకులు పిల్లచేతే కోయించింది. గోంగూర కట్ట దాని ముందు పడేసి, ఆకు గిల్లడం నేర్పింది. దంపుడు బియ్యం అన్నం వార్చి, వేడివేడిగా గోంగూర పచ్చడి, పక్కన ఇంత వెన్నముద్ద పెట్టింది. రెండోసారి అడిగితే, "చాల్లే, మాకూ కాస్త ఉండనీ" అని గిన్నె వెనక్కి లాక్కునేది.

అసలు సాయం చేసింది మాత్రం బిస్కెట్లు మానడమే. చూసేవాళ్ళ ముందు చిరుతిండి తినడానికి లేదు కనక, పిల్ల భోజనం వేళకు నకనకలాడుతూ వచ్చేది. ఆకలి రుచెరుగదంటారు కాని, ఈ పిల్లకు రుచి నేర్పింది ఆకలే.

కోడలి వంటతో చౌడేశ్వరమ్మ కూడా ఒళ్ళు చేసింది. ఆవిడకు గోంగూరంటే చిన్నప్పటినుంచీ ఆశ. చల్లపల్లిలో పుట్టింటివాళ్ళు పెట్టిన పచ్చళ్ళ గురించి చెబుతూ చెబుతూ ఆవిడా రెండోసారి వడ్డించుకునేది. "పిల్ల ఎంత ఇష్టంగా తింటోందే! ఈ ఇష్టాన్ని వదిలితే కృష్ణమ్మ కళ్ళివ్వకుండా ఉంటుందా?" అని మురిసిపోయేది. ఆ మాట విన్నప్పుడల్లా పున్నమ్మ పాడ్యమికి ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం అత్తగారు నిద్రపోతున్నారు. వీధిలో అలికిడి లేదు. పున్నమ్మ నీళ్ళు తోడుకుని వంటింట్లోకి వచ్చేసరికి రావమ్మ ఒక్కతే కూర్చుని, అడుగంటిన గోంగూర గిన్నెలో అన్నం వేసి తుడుచుకుని తింటోంది. చూసి మెచ్చేవాళ్ళెవరూ లేరు. "అబ్బ, ఎంత బావుందో" అనడం లేదు. గబగబా తింటోందంతే. పున్నమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. సంతోషంతో వచ్చిన ఆ ఏడుపు సగంలోనే భయంగా మారింది. పాడ్యమి దగ్గర పడుతోంది. ఇప్పుడు వదిలితే అది నిజంగానే చెల్లుతుంది. ఇక జన్మలో పిల్ల నోట ఆకు పెట్టడానికి లేదు.

కూతుర్ని పెరట్లోకి తీసుకెళ్ళి గడ్డం పట్టుకుంది. "రావమ్మా, పాడ్యమినాడు నిజం చెప్పేయవే. బిస్కెట్లే ఇష్టమని చెప్పు."

"అవీ ఇష్టమేనే. చెప్తే అవి పోతాయ్. చెప్పకపోతే గోంగూర పోద్ది." పిల్ల తల్లి కొంగు పట్టుకుంది. "రెండూ ఉండే దారి లేదా అమ్మా?"

"ఆ దారి పెద్దవాళ్ళకే తెలీదే."

పున్నమ్మ చయనులుగారి దగ్గరకు కూడా వెళ్ళి వచ్చింది. "వీధంతా చూసిందమ్మా, ఆ పిల్లకు గోంగూరంటే ప్రాణమని. ఇప్పుడు నేను కాదంటే మీ అత్తగారు ఊరుకుంటారా?" అని ఆయన చేతులెత్తేశారు.

పోలి పాడ్యమినాడు తెల్లవారుజామునే వీధి మొత్తం రేవుకు చేరింది. ఇంకా వెలుగు రాలేదు. ఆడవాళ్ళు అరటిదొప్పల్లో దీపాలు వెలిగించుకుంటున్నారు. చౌడేశ్వరమ్మ ఎప్పటిలాగే మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని మెట్లు దిగుతోంది. మూడో మెట్టు మీద పిల్ల ఆగింది.

"నాయనమ్మా, ఆగు. ఆ కింద మెట్టు మీద ఎవరో అరటిదొప్ప పడేశారు. కాలేస్తే జారతావ్."

చౌడేశ్వరమ్మ వంగి చూసింది. ఆవిడకేమీ కనపడలేదు. కాలితో మెల్లగా తడిమితే దొప్ప తగిలింది. ఆవిడ మనవరాలి మొహం వంక చూసింది, మళ్ళీ కిందకు చూసింది. అక్కడినుంచి నీళ్ళ దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది మనవరాలే.

దీపాలు నీళ్ళలో కదిలి వెళ్ళాయి. చయనులుగారు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి గొంతు సవరించుకున్నారు. "మొదట ఎవరు మొదలెట్టారో వాళ్ళే రావాలి. రా తల్లీ. నీకు అన్నిటికన్నా ఇష్టమైనదేది?"

రావమ్మ నీళ్ళలోకి దిగింది. వెనక వెంకటకృష్ణారావు, "చెప్పవే, చెప్పెయ్" అని గుసగుసలాడాడు. పిల్ల నోరు తెరిచింది. గట్టిగా బావురుమంది.

"గోంగూర... పంతులుగారూ, నేను వదల్లేను!"

"ఏడుపొచ్చిందంటే అసలైన ఇష్టం అదే. మొదట నువ్వన్నది కూడా ఆకుకూరలే. సరిపోయింది. చెయ్యి చాపమ్మా" అన్నారు చయనులుగారు, ఇన్నాళ్ళకు ఒక సంకల్పం శాస్త్రోక్తంగా కుదిరిందన్న తృప్తితో.

"వద్దండీ!" అని పున్నమ్మ నీళ్ళలోకి ఉరికింది. సాంబమూర్తి కూడా జీవితంలో మొదటిసారి రేపటిదాకా ఆగకుండా, "పంతులుగారూ, ఆపండి!" అని అరిచాడు.

"ఆగండి" అంది చౌడేశ్వరమ్మ. ఆ గొంతుకు రేవంతా ఆగింది. ఆవిడ చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగి మనవరాలి ముందు నిలబడింది. "పిల్ల మాట పెద్దవాళ్ళు తీరిస్తే చెల్లుతుందా?"

"చిన్నపిల్లల దోషం పెద్దలు మోయవచ్చమ్మా."

"అయితే దాని బదులు నేను వదుల్తున్నా. ఆకుకూరలన్నీ."

చయనులుగారు సందేహంగా చూశారు. "గోంగూర కూడానా చౌడేశ్వరమ్మగారూ?"

పుట్టింటి పచ్చడి జాడీలన్నీ ఆ నీళ్ళలో కొట్టుకుపోతున్నట్టు ఆవిడ కృష్ణ వంక చూసింది. "గోంగూర కూడా" అంది. తర్వాత గబుక్కున, "తమలపాకు ఇందులోకి రాదుగా?" అని అడిగింది.

"తమలపాకు కూర కాదులెండి" అన్నారు చయనులుగారు దయతో.

పున్నమ్మ ఆ నీళ్ళలోనే అత్తగారి కాళ్ళు పట్టుకోబోయింది. "చాల్లే లేవే, నీళ్ళలో దేవులాడతావేంటి" అని కసురుతూ ఆవిడ మనవరాలి తల నిమిరింది.

అంతటితో ఆగితే బాగుండేది. మాణిక్యమ్మ అత్తగారు సంపూర్ణమ్మ అంతా చూస్తూ గట్టు మీద నిలబడి ఉంది. సాంబమూర్తి తల్లికి ఉన్న ప్రేమ తనకు లేదని వీధిలో అనుకుంటే ఇంకేమైనా ఉందా? ఆవిడ కూడా నీళ్ళలోకి దిగి, "మా వెంకటకృష్ణారావు బదులు నేను! ఆకుకూరలూ, ఆముదమూ, తలంటూ!" అంది. ఆవిడ వెనక ఇంకో అవ్వ, ఆవిడ వెనక ఒక తాత దిగారు. పాండురంగయ్య మనవడి తరఫున పదమూడో ఎక్కం మొదలు పైవన్నీ సంతోషంగా వదిలేశాడు. చయనులుగారు ఈసారి ఒక్కొక్కరినీ ఏం వదులుతున్నారో విడివిడిగా అడిగి మరీ మంత్రం చెప్పారు. తెల్లగా తెల్లవారేసరికి పిల్లలందరి మాటా తీరిపోయింది.

ఆ తర్వాత చాలాకాలం ఆ వీధిలో ఆకుకూర వద్దని విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళంటూ ఉంటే, వాళ్ళంతా మనవలున్న అవ్వలూ తాతలే.